కూర్చుండి లెక్క చూచుట

పాఠ్యభాగము: లూకా సువార్త 14:28-32



వేరుశనగ పీకుడు ముగిసి కాయలు కల్లములలో ఆరుచుండు ఫిబ్రవరి, మార్చి దినములలోనే ఇటీవలి సంవత్సరములలో నీట్ పరీక్షకు దరఖాస్తులు పెట్టవలసి వచ్చుచున్నది. అప్పటికి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరపు ఫలితములు రావు. పిల్లల చేతిలో మొదటి సంవత్సరపు మార్కులు మాత్రమే యుండును. అవి అంతంతమాత్రమైనచో తల్లిదండ్రులు పిల్లను వెంటబెట్టుకొని సంఘకాపరి యింటికి వత్తురు. "అయ్యగారూ, డాక్టరు చదువుకు రాస్తనంటున్నది. మార్కులు చూస్తే ఇంతే ఉన్నయి. రాయమంటరా, వద్దంటరా?" అని అడుగుదురు. ఈ ప్రశ్నకు నేను రెండుసార్లు తప్పుగా జవాబిచ్చితిని. ఆ రెంటిని దాచిపెట్టి ఈ పాఠము చెప్పుట న్యాయము కాదు.

మొదటిది 2022లో జరిగినది. గద్వాల వైపు పత్తి విత్తనపు చేలలో క్రాసింగు పనికి పోవు కుటుంబమొకటి మా సంఘములో కలదు. ఆ యింటి పెద్దమ్మాయి బై.పి.సి. చదువుచుండెను. మొదటి సంవత్సరములో 440కి 290 వచ్చినవి. ఆమె వచ్చి అడిగినపుడు, "అమ్మా, దేశమంతట లక్షలమంది వ్రాయు పరీక్ష అది. మనకెందుకు? నర్సింగు చదువుకో, అదియు సేవయే గదా" అంటిని. ప్రేమతోనే అంటిని. ఆమె తల యూపి వెళ్లినది. దరఖాస్తు పెట్టలేదు. ఆమెతో కూడ ఒకే తరగతిలో చదివిన తాండా అమ్మాయి, ఇంటరు మార్కులలో ఈమె కంటె తక్కువయే, దరఖాస్తు పెట్టి, వేసవి అంతయు గురుకులములోనే ఉండి చదివి, ఆ యేటనే క్రొత్తగా తెరచిన ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరినది. మా పిల్ల నర్సింగు బాగుగనే చదివినది. కాని ఒక క్రిస్మసు పండుగకు ఇంటికి వచ్చినపుడు గుడి మెట్ల మీద నాతో అన్న మాట యిది: "రాసినా నాకు రాకపోయేదేమో అయ్యగారూ. కాని నేను అడుగనే లేదు గదా."

నర్సింగు తక్కువ చదువని నేను అనుట లేదు. రాత్రి రెండు గంటలకు రోగి ప్రక్కన నిలుచునది ఎవరో మనకందరికి తెలియును. అయితే నేను ఆమెకు చెప్పినది నర్సింగును గూర్చి కాదు. ఆమె కొలతను నేనే తీసి, ఆమె చేతికి ఇచ్చితిని. ఆ కొలత తీయుటకు నాయొద్ద ఒక్క కాగితమైనను లేకుండెను.

రెండవ తప్పు దీనికి ఎదురుగ జరిగినది. నాగర్‌కర్నూలు వైపు ఒక పెద్ద విశ్వాసి యింటి కుమారుడు 2021లో నీట్ వ్రాసి 720కి 210 మార్కులు తెచ్చుకొన్నాడు. తండ్రి ఎకరము పొలము అమ్మి, వానిని పట్నములో లాంగుటరము శిక్షణకు పంపెను. మరుసటి యేడు 262. మరల పంపెను. ఆ మరుసటి యేడు 271. ఆ మూడేండ్లు నేనేమి చేసితిని? బయలుదేరునపుడు ప్రార్థన చేసితిని. క్రిస్మసు ఆరాధనలో వానిని లేపి నిలువబెట్టి, మన సంఘములోనుండి రాబోవు వైద్యుడని అందరి యెదుట చెప్పితిని. ప్రార్థనకు పిలిచిరి, లెక్క చూచుటకు పిలువలేదు, నేనును అడుగలేదు. మూడవసారి ఫలితము వచ్చిన తరువాత ఆ పిల్లవాడు ఏడాదిన్నర గుడికి రాలేదు. దేవుని మీద అలిగి కాదు. మనలను చూచి సిగ్గుపడి రాలేదు. ఇప్పుడు ల్యాబు టెక్నీషియను కోర్సు చదివి వనపర్తిలో ఒక రక్తపరీక్షల కేంద్రములో పనిచేయుచున్నాడు. పొలము మాత్రము తిరిగి రాలేదు.

ఇప్పుడు పాఠ్యభాగమునకు వత్తము. ప్రభువు ఇక్కడ ఇద్దరిని చూపుచున్నాడు. ఒకడు గోపురము కట్టదలచినవాడు. పునాది వేసి ముగింపలేక పోయినచో చూచువారు నవ్వుదురని వాడు ముందుగా ఖర్చు చూచుకొనును. మరియొకడు పదివేలమందితో ఇరువది వేలమంది నెదుర్కొనవలసిన రాజు. తన బలము చాలదని తోచినచో, శత్రువు దూరముగా నుండగానే రాయబారము పంపును. ఈ మాటలు శిష్యత్వపు వెలను గూర్చి చెప్పబడినవే గాని పరీక్షలను గూర్చి కావు. దానిని మరచి, వాక్యమును మన యక్కరకు లాగుకొనుట నాకు ఇష్టము లేదు. అయినను ప్రభువు ఈ పోలికను తెచ్చినది మేస్త్రీ పనిలోనుండియు రాజుల ఆలోచనలోనుండియు గదా. వారికి తెలిసిన యింగితము మనకును పనికివచ్చును.

ఇద్దరి విషయములోను వచ్చు మాట "కూర్చుండి" అనునది. నిలువబడి చేసిన నిర్ణయము కాదు. గోపురము కట్టవలెనను కోరికను ప్రభువు తప్పుపట్టలేదు. తక్కువ సైన్యము గల రాజును పిరికివాడనలేదు. కూర్చుండనివానికే నవ్వుబాటు. మరియొక సంగతి గమనించుడి. ఆ రాజు తన పదివేలను మాత్రమే లెక్కపెట్టలేదు. ఎదుటివాని ఇరువది వేలను గూడ లెక్కపెట్టెను. నేను మా పిల్లకు ఎదుటి సైన్యమును మాత్రమే చూపి భయపెట్టితిని. ఆ తండ్రి తన ఆశను మాత్రమే చూచుకొని పొలము అమ్మెను. ఇద్దరమును సగము లెక్కయే చేసితిమి.

సరే, ఎదుటి సైన్యమెంత? 2025లో దేశమంతట 22 లక్షలకు పైగా నీట్ వ్రాసిరి. అందులో 12 లక్షలకు పైగా అర్హులని ప్రకటింపబడిరి. దేశములో ఎం.బి.బి.యస్. సీట్లు లక్షకు కొంచెము పైగా మాత్రమే. కనుక "అర్హత వచ్చినది" అనగా సీటు వచ్చినదని కాదు. ఇది మన పల్లెలలో చాలమందికి తెలియదు. ఆ యేట అర్హతకు సామాన్య వర్గమునకు 144, రిజర్వేషను వర్గములకు 113 మార్కులు చాలినవి. 120 మార్కులు వచ్చిన పిల్లవాని యింటిలో మిఠాయి పంచుదురు. మరునాటినుండి ఎవరో ఫోను చేయుదురు: మీ వానికి అర్హత వచ్చినది, ఫలాని దేశములో సీటున్నది, ముందుగా ఇంత కట్టుడి అని. అట్లు వెళ్లి చదివి వచ్చినవారు ఇక్కడ వైద్యము చేయవలెనన్న మరియొక పరీక్షలో 300కు 150 తెచ్చుకొనవలెను. దానిలో తప్పిపోవువారే ఎక్కువ. 2022లో యుక్రెయినులో యుద్ధము వచ్చి వేలమంది మన పిల్లలు చదువు మధ్యలో తిరిగివచ్చుట చూచితిమి. అందరును మోసపోవుదురని అనను. బాగుగ చదివి వచ్చినవారును కలరు. కాని ఫోను పెట్టిన తరువాత నిలువబడియే డబ్బు కట్టకుడి.

మన బలమును గూడ లెక్క పెట్టవలెను గదా. 2014లో తెలంగాణ యేర్పడునాటికి ప్రభుత్వ వైద్య కళాశాలలు అయిదు. ఉమ్మడి మహబూబునగరు జిల్లాలో ఒక్కటియు లేకుండెను. 2016లో మహబూబునగరులో వచ్చినది. 2022 నవంబరులో ఒకేనాడు ప్రారంభించిన ఎనిమిది కళాశాలలలో వనపర్తి, నాగర్‌కర్నూలు రెండును ఉన్నవి. ఒక్కొక్కదానికి 150 సీట్లు. 2024లో గద్వాలలోను, నారాయణపేటలోను 50 సీట్ల చొప్పున అనుమతి వచ్చినది. రాష్ట్రములో ప్రభుత్వ కళాశాలలు 34 అయినవి. సీట్లు నాలుగు వేలు దాటినవి. కూలికి బొంబాయికి, పూనాకు పోయిన పాలమూరు తండ్రుల కాలములో ఈ తలుపులు లేవు. నేను చదువుకొన్న దినములలోని లెక్కను పట్టుకొని 2022లో ఆ పిల్లకు సలహా చెప్పితిని. నా తప్పునకు మూలమదియే.

ఇంటరు మార్కుల మాట. తక్కువ మార్కులు వచ్చినవని వెనుకకు పోవువారు ఇది తెలిసికొనవలెను: వైద్య కళాశాల సీటు ఇంటరు మార్కులనుబట్టి ఇచ్చుట లేదు. భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడింటిలో కలిపి సామాన్య వర్గమువారు నూటికి 50, ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గములవారు నూటికి 40 తెచ్చుకొన్నచో చాలును. తక్కినదంతయు నీట్ ర్యాంకే. 290 మార్కుల పిల్లకు తలుపు మూసియుండలేదు, నేను మూసితిని. అయితే ఇంటరులో రానిది నీట్‌లో దానంతట అదియే వచ్చునా? రాదు. రెంటికిని పాఠములు ఇంచుమించు ఒక్కటే. కావున ఇంటరు మార్కులు తలుపు కావు గాని, జ్వరము చూచు గాజుకడ్డి వంటివి.

ఆ జ్వరమును సరిగా చూచుటకు రూపాయి ఖర్చు లేని ఉపాయము కలదు. గత సంవత్సరపు నీట్ ప్రశ్నపత్రము, దాని జవాబులు ప్రభుత్వ సంస్థయే ప్రకటించును. ఒక ఆదివారము మధ్యాహ్నము ఆరాధన ముగిసిన తరువాత పిల్లను గుడిలో కూర్చుండబెట్టి, తలుపు దగ్గరకు వేసి, మూడు గంటలు గడియారము పెట్టి వ్రాయనియ్యుడి. ప్రశ్నలు 180. సరియైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు తీసివేత, వదలివేసినదానికి ఏమియు లేదు. 120 ప్రశ్నలు పట్టి 70 సరిగా, 50 తప్పుగా వ్రాసినచో 280లోనుండి 50 పోయి 230. ఈ లెక్క ఎవరును మెచ్చుకొనుటకు గాని నవ్వుటకు గాని కాదు. నెలకొకసారి చేయుడి. అంకె పెరుగుచున్నదా, నిలిచిపోయినదా అన్నదే చూడవలసినది. మన పొలము అమ్ముకొన్న సహోదరుని కుమారునికి 262 తరువాత 271 వచ్చినది; ఏడాదికి 9 మార్కులు. ఆ అంకె ఆనాడు ఎవరైన కాగితము మీద వ్రాసి చూపినచో ఆయన ఏమనియుండునో!

మార్కులను మార్కులతో పోల్చుట గూడ చాలదు. 2024లో 720కి 720 తెచ్చుకొన్నవారే, సవరించిన ఫలితములలో, 17 మంది. 2025లో ప్రశ్నలు కఠినమై మొదటి ర్యాంకు వానికే 686. కనుక ర్యాంకును చూడవలెను. వరంగల్లులోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయము ప్రతి యేడు సీట్లు పంచిన తరువాత, ఏ కళాశాలలో ఎవరికి ఏ ర్యాంకునకు, ఏ వర్గములో సీటు వచ్చినదో జాబితా బయటపెట్టును. వనపర్తిలోనో గద్వాలలోనో మీ వర్గములో చివరి సీటు ఏ ర్యాంకునకు వచ్చినదో అందులో వేలు పెట్టి చూపవచ్చును. అదియే ఎదుటి రాజు సైన్యపు లెక్క. యువజన సంఘములో ఫోను తెలిసిన పిల్లలు దీనిని తీసి పెద్దలకు చదివి వినిపింపవలెను. ప్రశ్నపత్రము తెలుగులో గూడ కోరుకొనవచ్చును. కాని ఏ భాషయో దరఖాస్తునాడే వ్రాయవలెను.

ఖర్చు సంగతి. దరఖాస్తు రుసుము 2025లో ఎస్సీ, ఎస్టీలకు 1,000 రూపాయలు, తక్కినవారికి 1,600, 1,700. క్రాసింగు కూలి లెక్కలో కొన్ని దినముల పని. తేలిక కాదు గాని ఇల్లు కూలదు. సీటు వచ్చినచో ప్రభుత్వ కళాశాలలో బోధనా రుసుము ఏటికి పదివేలు. ప్రైవేటు కళాశాలలో కన్వీనరు కోటాకు అరువది వేలు. యాజమాన్యపు కోటాకైతే ఏటికి పది లక్షలు దాటును. అడుగుట వేరు, గోపురము కట్టుట వేరు. ఈ రెంటిని మేము కలిపి వేసితిమి. ఒక యింటిలో గోపురపు ఖర్చుకు భయపడి అడుగుటయే మానితిమి. రెండవ యింటిలో అడుగుట తేలికగా నున్నదని గోపురపు పునాదికి పొలము పోసితిమి.

అలంపురము, గద్వాల వైపు సంఘములకు ప్రత్యేకముగా ఒక మాట. తుంగభద్ర దాటినచో కర్నూలు. అక్కడి కాలేజీలు బాగున్నవని మనవారు పిల్లలను ఇంటరుకు అక్కడ చేర్చుదురు. వైద్య విద్యలో స్థానికుడని లెక్కింపబడుటకు, ఇంటరుతో ముగియు నాలుగేండ్లు వరుసగా తెలంగాణలోనే చదివియుండవలెనని రాష్ట్ర ప్రభుత్వము 2024లో ఉత్తర్వు ఇచ్చినది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టినది. పుట్టినది గద్వాల, ఓటు గద్వాల, రేషను గద్వాల, అయినను ఇంటరు నది కావల చదివిన పిల్ల ఇక్కడ స్థానికురాలు కాకుండ పోవచ్చును. వైద్యము చదువవలెనను తలంపు గల పిల్లను పదవ తరగతి కాకముందే ఈ విషయము తెలిసి చేర్పించుడి. బస్సు చార్జీ తక్కువని, అత్తగారిల్లు కర్నూలులో నున్నదని చేర్పింపకుడి.

ఇక చెప్పుటకు కష్టమైన మాట. దరఖాస్తులో వర్గము వ్రాయవలసిన గడి యున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా మొదట హిందువులకే ఇచ్చిరి. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరించిరి, క్రైస్తవులకు విస్తరింపలేదు. తెలంగాణలో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని, వారి సంతతిని బి.సి.-సి గుంపులో నుంచిరి. వారికి నూటికి ఒక్కటి. ఎస్సీలకు నూటికి 15. గిరిజనుల సంగతి వేరు; లంబాడీ, చెంచు విశ్వాసులు మతము మారినను ఎస్టీలే. మన పేటలలో ఇంటి కాగితములలో ఒకటి, గుడి పుస్తకములో మరియొకటి ఉన్నదని నాకు తెలియును, మీకును తెలియును.

ఈ నియమము న్యాయమైనదని నేను అనను. బాప్తిస్మము పొందినంతమాత్రమున ఊరి బయటి పేట ఊరి నడుమకు రాలేదు. హోటలులో గ్లాసు వేరుగా పెట్టినవాడు నీవు ఏ దేవుని కొలుతువని అడిగి పెట్టలేదు. దీనిని మార్చుమని అడుగుచున్నవారున్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వము జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతను విచారణకు కమీషనును గూడ వేసినది. అట్లడుగుట మన హక్కు. కాని నియమము మారువరకు గడిలో ఏమి వ్రాయవలెను? 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీ వ్యాజ్యములో, క్రైస్తవ విశ్వాసమందుండి ఉద్యోగము కొరకే ఎస్సీ ధ్రువపత్రము కోరుట తగదని గట్టిగా చెప్పినది. చదువు పూర్తియైన తరువాత గూడ ఇట్టి పత్రము చెల్లదని తేలినచో పట్టాకే ముప్పు రావచ్చును. ఒక తండ్రి నాయొద్దకు వచ్చి, వేలూరు కళాశాలకు చూపుటకు బాప్తిస్మపు పత్రము అడిగెను. ఆయన సంచిలోనే మీసేవలో తీసిన హిందూ ఎస్సీ పత్రము ఉండెను. ఏది ఎక్కడ పనికివచ్చిన అక్కడ పెట్టుదమని ఆయన ఉద్దేశము. నేను కోపపడలేదు. నూటికి పదిహేను, నూటికి ఒకటి అను రెండంకెల నడుమ బిడ్డ భవిష్యత్తు పెట్టి, నిజము చెప్పుమని అడుగుచున్నపుడు కోపపడుటకు నాకు ముఖమేది? కాని ఒకే బిడ్డను గూర్చి రెండు విధముల కాగితములకు నా సంతకము కుదరదని చెప్పితిని. ఆయన మూడు వారములు నాతో మాటాడలేదు. గోపురపు ఖర్చులో దీనిని గూడ వేసికొనుడి. ఇది రూపాయలలో రాదు.

వేలూరు మాట వచ్చినది గనుక దానిని గూర్చి కొంచెము. సి.యం.సి. క్రైస్తవ సంస్థ గనుక పాస్టరుగారి ఉత్తరముతో సీటు వచ్చునని మన పల్లెలలో ఒక నమ్మకము కలదు. అది నిజము కాదు. అక్కడ చేరుటకును నీట్ వ్రాయవలసినదే. మైనారిటీ సంస్థలకును నీట్ వర్తించునని 2020 ఏప్రిలులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. దాని పరిపాలనలో పాలుగల సంఘములు, మిషనులు కొందరు అభ్యర్థులను బలపరచవచ్చును. అట్లు బలపరచబడినవారు చదువు ముగిసిన తరువాత రెండేండ్లు ఆ సంఘమువారు చూపిన చోట సేవ చేయవలెను. ర్యాంకు లేనివానికి ఉత్తరము ర్యాంకు కానేరదు. అక్కడికి వేరుగా దరఖాస్తు పెట్టవలెను. నీట్ దరఖాస్తు ఒక్కటే చాలదు.

ఆ కళాశాల పుట్టుక మాత్రము మన పిల్లలకు చెప్పదగినది. ఐడా స్కడ్డరు అను అమెరికా మిషనెరీ వైద్యురాలు 1900లో వేలూరులో ఒక్క మంచముతో వైద్యము ప్రారంభించెను. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల పెట్టదలచినపుడు, చదువుటకు ఆడపిల్లలు ఎవరు వత్తురని పెద్దలు సందేహించిరి. 151 దరఖాస్తులు వచ్చినవి! చేర్చుకొన్నది కొద్దిమందిని. 1922లో 14 మంది పరీక్షకు నిలిచి అందరును గెలిచిరి. పురుషుల పాఠశాలలనుండి వచ్చినవారిలో అప్పట్లో అయిదుగురిలో ఒక్కడు గెలిచినచో గొప్ప. నాకు ఆ 14 మందికంటె, చేర్చుకొనబడక వెనుకకు పోయిన నూరుమందికి పైబడిన పిల్లల తలంపే ఎక్కువగా వచ్చును. ఆ కాలములో ఒక ఆడపిల్ల వైద్యము చదువుదునని కాగితము మీద వ్రాసి పంపుట ఎంత మాట! వారి దరఖాస్తులే లేకున్న, ఆడపిల్లలు రారన్న పెద్దల మాటయే నిలిచియుండును. మన ప్రాంతపు మెన్నొనైట్ బ్రెదరెన్ మిషనునకు వైద్యురాలిగా 1907లో వచ్చిన కేథరీనా షెల్లెన్‌బర్గ్ దొరసానిగారును ఇరువది యేండ్ల పిల్ల కాదు. 1870లో పుట్టి, ముప్పది దాటిన తరువాత ఈ దేశము వచ్చి, 1945లో శంషాబాదులో కన్నుమూసినది. ఆలస్యమైనదని ఆమెను ఎవరైన ఆపియుండినచో మన పితరులలో ఎందరికి మందు దొరకకపోవునో.

అయితే ఎన్నిసార్లు వ్రాయవలెను? నీట్‌కు ఇన్నిసార్లే అను హద్దు లేదు. గరిష్ఠ వయసు లేదు. ఇదియే ఉచ్చు. ప్రభుత్వము గీయని గీతను ఇంటివారు గీసికొనవలసి వచ్చుచున్నది. ఆ గీత ఫలితము వచ్చినపుడు గీయరాదు. ఏడ్చుచున్న పిల్ల యెదుట ఎవడును సరిగా లెక్కపెట్టలేడు. దరఖాస్తునాడే గీయవలెను. శత్రువు దూరముగా నుండగానే రాయబారము పంపిన రాజు యుక్తి అదియే. ఒకసారియా, రెండుసార్లా, ఎంత డబ్బు, ఏ అంకె దాటకున్న ఆపుదుము, ఆపిన తరువాత ఎక్కడ చేరుదుము? బి.యస్సీ. నర్సింగు, వ్యవసాయము, ఫార్మసీలకు ఎప్‌సెట్ దరఖాస్తు గూడ అదే వేసవిలో పెట్టవలసియుండును. నీట్‌తోనే దంతవైద్యము, ఆయుర్వేదము, హోమియోపతి సీట్లును కలవు. ఇవి ఓడినవారి సీట్లు అని పిల్లల చెవిలో వేయకుడి. సంఘములో నావలె ముందుగానే డాక్టరని పేరుపెట్టి పిలువకుడి. వాని మీద మనము వేసిన ఆ పేరు వాడు గుడి గుమ్మము దాటుటకు అడ్డమైనది.

ఈ యేడు ఫిబ్రవరిలో మరియొక పిల్ల వచ్చినది. మార్కులు ఇంచుమించు ఆ మొదటి పిల్లవే. ఈసారి నేను వ్రాయుమని గాని వద్దని గాని చెప్పలేదు. గుడిలో కూర్చుండబెట్టి పాత పత్రము వ్రాయించితిమి, 188 వచ్చినది. తప్పులలో సగము భౌతికశాస్త్రములోనే. మరుసటి నెల 221. సండే స్కూలు నోటుబుక్కులో ఒక పుట తీసి వ్రాసికొంటిమి: దరఖాస్తు రుసుము, వేసవిలో గురుకులపు ఉచిత శిక్షణ, సీటు రాకున్న నర్సింగు, పొలము ముట్టరాదు. వర్గము అన్నచోట తల్లి కొంతసేపు ఊరకుండెను. నేనును ఊరకుంటిని. తరువాత ఆమెయే, "మనం ఏముంటిమో అదే రాయుండ్రి" అన్నది. పిల్ల బి.సి.-సి అని వ్రాసినది. ఆ మూడక్షరములు వ్రాయుచున్నపుడు ఆ తల్లి ముఖము చూచుటకు నాకు ధైర్యము చాలలేదు.

చివర, "ఎన్నిసార్లు" అన్నచోట పిల్ల "ఒక్కసారి" అని వ్రాసినది. తండ్రి పూనాలో కట్టడపు పనిలో నుండెను. ఫోను కలిపి పుటనంతయు చదివి వినిపించితిమి. వెనుక కాంక్రీటు మిల్లరు చప్పుడు. అంతయు విని ఆయన, "ఒక్కసారి కాదు అయ్యగారూ, రెండుసార్లు రాయనీయుండ్రి. రెండో ఏడు ఇంటి కాడ కూసొని చదువుతది. మల్ల ఆపుదము" అన్నాడు. పిల్ల "ఒక్కసారి" కొట్టివేసి "రెండుసార్లు" అని వ్రాసి, క్రింద సంతకము పెట్టినది. తల్లి వేలిముద్ర వేసినది. తండ్రి సంతకమునకు చోటు వదలిపెట్టితిమి, పండుగకు వచ్చినపుడు పెట్టుటకు.